ఊహించే ఆటలతో ఇంగ్లీషు ప్రశ్నల సాధన

పొడుపు కథలో మాటంతా పొడిచేవారిదే. విప్పేవారు ఒక్క ముక్కతో సరిపెడతారు. ఇంగ్లీషు తరగతిలో వ్యాకరణం కోసం ఊహించే ఆట ఆడించదలచిన ఉపాధ్యాయులు ఈ వరసను తిరగెయ్యాలి. రహస్యం దాచినవారు అవుననో కాదనో చెప్పి ఊరుకోవాలి, ప్రశ్న మొత్తం ఊహించేవారే కూర్చుకోవాలి.

విజయవాడ పిల్లలయితే ఊళ్లోని ఏదో ఒక చోటును ఎంచుకోమనడం మేలు. ఒక విద్యార్థి ప్రకాశం బ్యారేజీ అని చీటీ మీద రాసి మడిచి పెట్టుకున్నాడనుకుందాం. ‘ఈజ్ ఇట్ ఎ టెంపుల్?’ అని ఒకరు అడిగితే ‘నో, ఇట్ ఈజంట్’ అంటాడు. తెలుగులో వాక్యం చివర దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది కనుక, రెండో పిల్ల అదే అలవాటుతో ‘ఇట్ హాజ్ గేట్స్?’ అని గొంతు పైకి లేపుతుంది. దానికి జవాబు ఇవ్వకూడదు. ‘డజ్ ఇట్ హాజ్ గేట్స్?’ అన్నా ఇవ్వకూడదు. ‘డజ్ ఇట్ హావ్ గేట్స్?’ అన్నప్పుడే ‘ఎస్, ఇట్ డజ్’ అని నోరు విప్పాలి. జవాబు కావాలన్న ఆత్రమే ఆ పిల్లచేత వాక్యాన్ని సరిచేయిస్తుంది. ఉపాధ్యాయుడు సూత్రం వల్లించనవసరం లేదు.

ఈ కట్టుబాటు ఆ రోజు సాధన చేస్తున్న ఒక్క రూపానికే వర్తించాలి. ఆర్టికల్ జారినా, ఉచ్చారణ తడబడినా ఆట ఆపకుండా పక్కన రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో ఆ వాక్యాలను బోర్డు మీద పెట్టి పిల్లలచేతనే దిద్దించవచ్చు. ఐదు ప్రశ్నలు పూర్తయ్యేవరకు ఎవరూ పేరు చెప్పకూడదన్న షరతు కూడా అవసరం, లేకపోతే మొదటి నోటనే కనకదుర్గ గుడి వచ్చి ఆట ముగుస్తుంది.

పై తరగతుల్లో ఇదే చీటీ పాసివ్ వాయిస్‌కు పనికొస్తుంది. ‘వజ్ ఇట్ బిల్ట్ బిఫోర్ 1947?’ అన్న ప్రశ్నకు కాదనే చెప్పాలి, ఎందుకంటే బ్యారేజీ పూర్తయింది 1957లో. అయితే అంతకుముందు అక్కడ 1855 నాటి ఆనకట్ట ఉండేదని తెలిసిన విద్యార్థి ఊరుకోడు. ఆ వాదన ఇంగ్లీషులో సాగినంతసేపు సాగనివ్వండి, అంతకన్నా మంచి సాధన దొరకదు.

భూతకాలానికి ‘నిన్న నేనెక్కడికి వెళ్లాను?’ అన్న ఆట చాలు. భవానీ ద్వీపాన్ని దాచుకున్న పిల్లవాడిని ‘డిడ్ యు వెంట్ బై బోట్?’ అని అడిగేవారు తప్పక ఉంటారు. అక్కడా మౌనమే మందు. గుంటూరు తరగతిలో మిర్చి యార్డు పెడితే ‘డు ఫార్మర్స్ సెల్ దేర్?’ వంటి ప్రశ్నలతో ‘డు’, ‘డజ్’ తేడా దానంతటదే బయటపడుతుంది.

నలభై మంది ఉన్న గదిలో అందరికీ ఒకే చీటీ పెడితే చురుకైన నలుగురే మాట్లాడతారు కాబట్టి, ఐదుగురికో జట్టు, జట్టుకో చీటీ ఇచ్చి, ప్రశ్న వంతులవారీగా తిరిగేలా చూడాలి. నోరు పెగలనివారి కోసం ‘ఈజ్ ఇట్’, ‘డజ్ ఇట్’, ‘కెన్ వి’ అన్న మొదళ్లను బోర్డు అంచున రాసి ఉంచి, రెండో ఆట మొదలయ్యే ముందు చెరిపెయ్యాలి.