సముద్రపు నీటి సాంద్రత: ముందు నోటిలెక్క, తర్వాతే సాఫ్ట్‌వేర్

ఉష్ణోగ్రత, లవణీయత (ఎంత ఉప్పుందో), పీడనం ఇస్తే సముద్రపు నీటికి అంతర్జాతీయ ప్రమాణమైన టియోస్-10 సూత్రాలు క్షణంలో సాంద్రత చెప్పేస్తాయి. అయినా నేను ముందు నోటిలెక్క వేసుకుంటాను. కాలమ్‌లు తారుమారైనా సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, తప్పు జవాబునే మూడు దశాంశాలతో ఇస్తుంది.

ఒక్క అంకె గుర్తుంచుకోండి: 1027. ఉపరితలంలో, 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కిలోకు 35 గ్రాముల ఉప్పున్న నీరు ఘనపు మీటరుకు అన్ని కిలోలు తూగుతుంది.

ఉప్పు లెక్క సులువు. గ్రాము పెరిగితే 0.8 కిలోలు కలపండి, తగ్గితే తీసేయండి.

ఉష్ణోగ్రత దగ్గరే జాగ్రత్త కావాలి. దాని ప్రభావం అన్నిచోట్లా ఒకటి కాదు. డిగ్రీ పెరిగినప్పుడు తగ్గే బరువు 0–5 మధ్య 0.09 కిలోలే, 5–10 మధ్య 0.15, 10–20 మధ్య 0.22, 20–30 మధ్య 0.3. ఉదాహరణకు 25 డిగ్రీలు, 34 గ్రాములు తీసుకోండి. 1027లోంచి మొదటి పది డిగ్రీలకు 2.2, తర్వాతి ఐదింటికి 1.5, ఉప్పుకు 0.8 పోతే 1022.5. అసలు సూత్రం 1022.6 అంటుంది. నాకిది చాలు.

ఈ అంకెల్లోనే ఇంకో సంగతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక గ్రాము ఉప్పు తెచ్చిన బరువు రెండున్నర డిగ్రీల వేడితో పోతుంది. సున్నా దగ్గరైతే అదే బరువు పోవడానికి ఏడెనిమిది డిగ్రీలు కావాలి. ధ్రువాల దగ్గర పెత్తనమంతా ఉప్పుదే. 4 డిగ్రీల దగ్గర నీరు అత్యధిక సాంద్రతతో ఉంటుందన్న బడి పాఠం మంచినీటిది. ఇంత ఉప్పున్న నీరు −1.9 దగ్గర గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది.

పీడనం వల్ల వెయ్యి మీటర్లకు సుమారు 4.5 కిలోలు కలుస్తాయి. 4000 మీటర్ల లోతున 1046 దాకా వస్తుంది. అంకె పెద్దదే, కానీ ఏ నీరు మునుగుతుందో అది చెప్పదు. వేర్వేరు లోతుల నీళ్లను పోల్చాలంటే రెంటినీ లెక్కలో ఒకే పీడనానికి తీసుకురావాలి. పీడనం నీటిని కాస్త వేడెక్కిస్తుంది కూడా, ఆ వేడినీ తీసేయాలి.

మామూలుగా ఉపరితలాన్నే ఆధారంగా పెడతారు. అట్లాంటిక్ అడుగున అది మోసం చేస్తుంది. ఆ లెక్కలో ఉత్తర అట్లాంటిక్ లోతునీరు, తన కిందున్న అంటార్కిటిక్ అడుగునీటికంటే బరువైనదిగా కనబడుతుంది! చల్లటి నీరు ఎక్కువ నొక్కుకుపోతుంది, అంటార్కిటిక్ నీరే ఎక్కువ చల్లన. కాబట్టి 4000 డెసిబార్ల దగ్గర (డెసిబార్ అంటే దాదాపు ఒక మీటరు లోతు నీటి పీడనం) పోలిస్తే వరస సరిపడుతుంది. అందుకే పైపొరలకు ఉపరితలం, 2000 మీటర్ల చుట్టుపక్కల 2000 డెసిబార్లు, అట్టడుగుకు 4000 ఆధారంగా పెట్టుకోండి.