ఇంటి నెట్‌వర్క్ మనమే వేసుకుందాం – 5వ పాఠం: కింది వైఫై ఆపాలా, ఉంచాలా?

పోయిన పాఠంలో హాల్లోని ఫైబర్ రౌటర్ దగ్గర్నుంచి మేడ మీద గదికి క్యాట్ 6 వైరు లాగి, రెండు చివర్లా కనెక్టర్లు కొట్టాం. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగినవాళ్లే ఇందులోకి రండి. ఏడు వెలిగాయి, నెట్ వస్తోందిగా అంటారేమో. గిగాబిట్ వేగానికి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిది తీగలూ కావాలి. ఒకటి తెగితే మహా అయితే 100 ఎంబీపీఎస్. ఆ చివర కోసేసి మళ్లీ కొట్టండి.

ఇవాళ ఆ వైరు చివర యాక్సెస్ పాయింట్, అంటే వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే డబ్బా, పెడతాం. కొత్తది కొననక్కర్లేదు, అటక మీద పాత రౌటర్ ఉంటే చాలు. రౌటర్ అని మనం పిలిచే డబ్బా నిజానికి నాలుగు పనులు చేస్తుంది: ఇంటి నెట్‌ని బయటి నెట్‌తో కలపడం, ఫోన్లకీ టీవీకీ ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్నీ గుర్తించే నంబర్లు) పంచడం, వైర్లని కలిపే స్విచ్‌గా ఉండటం, చివరికి వైఫై. మొదటి రెండు పనులూ ఇంట్లో ఒక్క డబ్బానే చేయాలి. మేడ మీది దానితో మనకి పని స్విచ్, వైఫై వరకే.

పాత రౌటర్‌ని రీసెట్ చేసి, మేడ వైరు ఇంకా గుచ్చకుండా, ల్యాప్‌టాప్‌ని దాని ల్యాన్ పోర్టుకి (ఇంట్లోని వైర్లు గుచ్చేది) కలపండి. బ్రౌజర్‌లో తెరిచే దాని సెట్టింగ్స్ పేజీలో యాక్సెస్ పాయింట్ మోడ్ కనిపిస్తే అది ఎంచుకుంటే సరిపోతుంది. అది లేకపోతే చేత్తో చేద్దాం. కింది రౌటర్ అడ్రస్ 192.168.1.1 అనుకోండి. పాతదానిదీ అదే అయితే రెండూ కొట్టుకుంటాయి. దీన్ని 192.168.1.2 చేసి సేవ్ కొట్టండి. పేజీ మాయమవుతుంది, కంగారు పడకుండా కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లండి. కింది రౌటర్ ఆ నంబరుని వేరే ఫోన్‌కి ఇచ్చేయకుండా, దాని అడ్రసుల పంపకం 192.168.1.10 నుంచి మొదలయ్యేలా మార్చండి. తర్వాత పాతదాంట్లో డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపండి. అప్పుడు మేడ వైరుని దాని ల్యాన్ పోర్టుల్లో ఒకదాంట్లో గుచ్చండి. చేత్తో సెట్ చేసినప్పుడు విడిగా ఉండే వాన్ పోర్టు (బయటి నెట్ వైరు గుచ్చేది) జోలికి వెళ్లొద్దు. అందులో గుచ్చితే మేడ మీద వేరే నెట్‌వర్క్ తయారై, కింది ప్రింటర్ పై ల్యాప్‌టాప్‌కి దొరకదు.

డీహెచ్‌సీపీ ఆపడం నేను మొదటిసారి మర్చిపోయాను. అమ్మ ఫోన్‌లో వైఫై నిండుగా ఉంది, నెట్ లేదు. నా ఫోన్‌లో అన్నీ బాగున్నాయి. అరగంటకి తిరగబడింది, ఆవిడకి వచ్చింది, నాకు పోయింది. జరిగిందేమిటంటే, ఫోన్ అడ్రస్ అడిగినప్పుడు రెండు డబ్బాలూ పలుకుతున్నాయి, ముందు పలికినదాన్ని ఫోన్ నమ్ముతోంది. పై డబ్బా పలికితే బయటికి దారి 192.168.1.2 అని చెబుతుంది. దానికి బయటికి దారే లేదు!

ఇప్పుడు అసలు ప్రశ్న. మేడ మీద వైఫై వచ్చింది కదా, కింది రౌటర్ వైఫై ఆపేయాలా?

చాలామంది ఆపేయమంటారు. నేను మాత్రం రౌటర్ ఎక్కడుందో చూసి చెబుతాను. హాల్లో గోడకి, తల ఎత్తులో ఉంటే ఆ వైఫై ఉంచండి, కింది అంతస్తుకి అదే చాలు. టీవీ యూనిట్ వెనకో, ఇనప బీరువా పక్కనో ఉంటే ఆపేసి, హాలు మధ్యలో ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టుకోండి. రెండూ ఒకే గదిలో ఉన్నా ఒకటి ఆపాల్సిందే. వైఫై ఆపినంత మాత్రాన మిగతా మూడు పనులూ ఆగవు.

రెండూ ఉంచితే పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. ఛానెళ్లు (వైఫై నడిచే రేడియో దారులు) మాత్రం వేరు. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద 1, పైన 6 లేదా 11, వెడల్పు రెండింటికీ 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149. రెండూ ఒకే ఛానెల్లో ఉంటే ఒకే బోరింగు దగ్గర రెండిళ్లవాళ్లు బిందెలు పెట్టినట్టే, ఒకరు పట్టుకునేదాకా రెండోవాళ్లు ఆగాలి. 52 నుంచి 144 వరకు ఛానెళ్లు ఎంచుకుంటే డబ్బా మొదట రాడార్ సిగ్నల్ ఉందేమోనని కనీసం నిమిషం వింటుంది. ఆన్ చేయగానే పేరు కనపడకపోతే చెడిపోయిందనుకోవద్దు.

ఇంతా చేశాక మా ఇంట్లో ఇంకో తంటా. అమ్మ హాల్లో అక్కతో వీడియో కాల్ మొదలుపెట్టి, వడియాలు చూడటానికి మేడెక్కుతుంది. "ఒరేయ్, అక్క బొమ్మ ఆగిపోయిందిరా!" అని పైనుంచి కేక. పక్క గదిలోనే యాక్సెస్ పాయింట్ ఉంది, ఫోన్ మాత్రం స్లాబు కింది సిగ్నల్‌నే పట్టుకు వేలాడుతోంది. ఏ డబ్బాకి మారాలో తేల్చేది ప్రధానంగా ఫోనే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) కంటే పడిపోతేనే వేరేది వెతుకుతుంది. అదైనా డేటా నడుస్తున్నప్పుడు 8 డీబీ, ఖాళీగా ఉన్నప్పుడు 12 డీబీ మెరుగ్గా దొరికితేనే మారుతుంది. ఆండ్రాయిడ్‌లో తయారీదారుని బట్టి మారుతుంది.

అందుకే కింది సిగ్నల్‌ని తగ్గించాలి, పెంచడం కాదు. ఈ మాట ఎవరికీ నచ్చదు. కింది రౌటర్‌లో 2.4 ట్రాన్స్‌మిట్ పవర్ హై నుంచి మీడియంకి దించాను, కాల్ మెట్ల మలుపు దగ్గర ఒక్క క్షణం తడబడినా తెగకుండా నిలబడింది. కంపెనీ ఇచ్చిన డబ్బాలో ఆ ఆప్షన్ లేకపోతే కింద 2.4 ఆపేసి 5 ఒక్కటే ఉంచి చూడండి, అది స్లాబులోంచి అంతగా పైకి పోదు. అయితే స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు చాలావరకు 2.4 మీదే నడుస్తాయి. కింద అవి ఉంటే మేడ మీది 2.4 వాటికి అందుతోందో లేదో ముందే చూసుకోండి.

ఇంటిపని: ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ పెట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగి, రెండు డబ్బాల అంకెలూ రాసుకోండి. మలుపు దగ్గర రెండూ మైనస్ 65, 70 మధ్యలో ఉంటే బాగా కుదిరినట్టే. పైమెట్టు మీద కూడా కిందిది మైనస్ 55 చూపిస్తే పవర్ ఇంకో మెట్టు దించి మళ్లీ ఎక్కండి.