విద్యార్థులు ఒకే విడతలో అతిగా మద్యం తాగకుండా ఏం చేయాలి: వార్డెన్లకు, సీనియర్లకు

సభ పెట్టి "తాగొద్దు" అని చెప్పినంత మాత్రాన అలవాట్లు మారవు. ముందు పిల్లల చేతికి లెక్క ఇవ్వండి. తాగిన మిల్లీలీటర్లను సీసా మీద రాసిన శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే అసలు ఆల్కహాల్ ఎన్ని గ్రాములో తేలుతుంది. 40 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 19 గ్రాములుంటాయి, మూడు పెగ్గులకు 57. ఒకే సందర్భంలో 60 గ్రాములకు చేరితే అతి తాగుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే ఖర్చు చేయగలదు. కాబట్టి తాగే వేగమే అసలు ప్రమాదం. పందేలు, కొలత లేకుండా పోసుకోవడం, ఖాళీ కడుపు ఆ వేగాన్ని పెంచుతాయి. ఎనర్జీ డ్రింక్ కలిపితే మత్తు తెలియదు కానీ తగ్గదు.

చేరిన మొదటి ఆరు వారాలు కీలకం. అందరూ తాగుతున్నారనే భ్రమ అప్పుడే బలపడుతుంది. పేర్లు అడగకుండా సర్వే చేసి, తాగనివాళ్లు, తక్కువ తాగేవాళ్లే ఎక్కువని తేలితే ఆ అంకెను గోడలకెక్కించండి. తేలకపోతే వేయకండి, ఎదురు తిరుగుతుంది. వారాంతం ముందురోజు పొద్దున తరగతులు పెడితే ఆ ముందు రాత్రి తాగుడు తగ్గుతుంది.

ఇక ఎవరైనా పడిపోతే "నిద్రపోతే దిగిపోతుంది" అనుకోవడమే ప్రాణాలు తీస్తుంది. కడుపులో మిగిలింది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. కాఫీ, చన్నీళ్లు, నడిపించడం పనికిరావు. గిల్లినా లేవకపోయినా, నిమిషానికి ఊపిరి 8 కంటే తగ్గినా, రెండు ఊపిర్ల మధ్య 10 సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. అన్ని లక్షణాలూ కనిపించేదాకా ఆగొద్దు. వెల్లకిలా వదిలేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, తల కాస్త వెనక్కి వంచి పడుకోబెట్టండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒకరు పక్కనే ఉండాలి.

శిక్ష భయంతోనే చాలామంది ఫోన్ చేయరు. ఫోన్ చేసినవాళ్లమీదా, పడిపోయినవాళ్లమీదా చర్య ఉండదని రాతపూర్వకంగా ప్రకటించి, ప్రతి గది తలుపు వెనక అతికించండి.