ఫుట్‌పాత్ మీద బండ్లు పెడ్తున్నరా? ఎవలకి చెప్పాలె, ఎట్ల చెప్పాలె

మొన్న ఎండాకాలంల మా నాయినను తీస్కొని హన్మకొండల నడుసుకుంట పోతున్న, ఫుట్‌పాత్ మీద ఏడు బండ్లు సైడ్ స్టాండేసి వరుసగ ఉన్నయి, నాయిన చేతికర్ర ఒకదాని హ్యాండిల్‌కు తట్టింది అంతే, మూడు బండ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగినయి. షాపులకెల్లి ఒక పిలగాడు ఉరికొచ్చి "పెద్దమనిషీ, కండ్లు కనవడ్తలేవా" అని మా నాయిన మీదనే లొల్లి. నడిచే జాగల బండి పెట్టినోనిది తప్పు గాదట, నడిచినోనిదట. అప్పటిసంది ఈ కంప్లైంట్ల ఎనక పడ్డ, తిరిగి తిరిగి నేర్సుకున్నది రాస్తున్న.

ముందుగాల రూల్ తెల్వాలె. "ఈడ నో పార్కింగ్ బోర్డు లేదు గద" అంటరు అందరు. ఫుట్‌పాత్‌కు బోర్డు అక్కర్లేదు. 2017ల కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లల్లనే ఫుట్‌పాత్ మీద బండి పెట్టొద్దని ఉన్నది. మోటారు వాహనాల చట్టం 127 సెక్షన్ ప్రకారం పెట్టొద్దన్న జాగల పెట్టిన బండిని యూనిఫాంల ఉన్న పోలీసాయన క్రేన్‌తోటి లేపియ్యొచ్చు, టైరుకు లాక్ ఏపియ్యొచ్చు, క్రేన్ ఖర్చు ఓనర్ నెత్తినే. ఇంకో లెక్క చూడున్రి, రోడ్లకు కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం నడిచే జాగ కనీసం 1.8 మీటర్లు సాఫ్‌గ ఉండాలె, మామూలు బండి పొడుగే రెండు మీటర్ల దాక ఉంటది, అంటే ఒక్క బండి అడ్డం పెడితే ఇగ ఫుట్‌పాతే లేదు. అడ్డం లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంల ఆర్టికల్ 21 (బతికే హక్కు) కింద మన హక్కు అని 2025 మేల సుప్రీంకోర్టు కూడ చెప్పింది.

ఇగ ఎవలకి చెప్పాలె అన్నకాడనే మనం మోసపోతం. నేను ఒక ఆఫీసుకు పోతే "అది మాది గాదు" అన్నరు, రెండో ఆఫీసుల గూడ సేమ్ డైలాగ్. అసలు సంగతేందంటే బండి పోలీసోళ్లది, జాగ కార్పొరేషన్‌ది. బండి అడ్డమున్నదా, ట్రాఫిక్ పోలీసులకు చెప్పాలె, అప్పటికప్పుడు రోడ్డు జామైతే 100కు కొట్టాలె. షాపోడు ఫుట్‌పాత్ మీదికి మెట్లు కట్టిండు, ర్యాంపు పోసిండు, ఫ్లెక్సీ బోర్డు నిలవెట్టిండు అంటే కార్పొరేషన్ల టౌన్ ప్లానింగోళ్లకు. రెండు ఒకే కాయితం మీద రాస్తే ఇద్దరు ఒకలి మీద ఒకలు చెప్పుకుంటరు, అందుకే వేరు వేరుగ రాయున్రి.

కంప్లైంట్‌కు ఫోటో ఎట్ల తియ్యాలె అంటే, దగ్గరికెల్లి ఒకటి నంబర్ ప్లేట్ సాఫ్‌గ కనవడేటట్టు, పది అడుగులు ఎనకకు వచ్చి ఇంకోటి ఫుట్‌పాత్ అంచు, పక్క షాపు బోర్డు వచ్చేటట్టు. సగం ప్లేటు కనవడ్తే చలాన్ పడది. మూడు వేరు వేరు రోజులు ఒకే టైంకు తీస్తే బాగ పనికొస్తది, ఇది ఒక్కనాటి ముచ్చట గాదని తెలుస్తది. బండోనితోటి కొట్లాటకు మాత్రం దిగకున్రి, నేను దిగిన, గొంతు పోయింది తప్ప బండి కదల్లే.

చలాన్ పడ్డా ఫికర్ చేసెటోళ్లు తక్కువే, ఎందుకంటే తెలంగాణల 2022ల ఒకసారి, 2023 డిసెంబర్ల ఇంకోసారి పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చిన్రు, రెండోసారి టూవీలర్లకైతే 80 శాతం మాఫీ. ఇగ ఎవడు కడ్తడు, మళ్ల ఆఫర్ రాకపోతదా అని కూసుంటడు. (సంక్రాంతి సేల్ లెక్క అయింది.)

నన్నడిగితే అసలు రోగం సెల్లార్ల (బిల్డింగ్ కింద నేల లోపలి అంతస్తు) ఉన్నది. ప్లాన్ల పార్కింగ్ అని చూపెట్టి పర్మిషన్ తీస్కుంటరు, తర్వాత అండ్ల గోదాం పెడ్తరు, జిరాక్స్ షాపు పెడ్తరు, కస్టమర్ బండి యాడ పెట్టాలె మరి? ఫుట్‌పాతే. గందుకే బండ్ల మీద పది కంప్లైంట్ల కంటె సెల్లార్ మీద ఒక్కటి నయం. ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) ఏయున్రి, 10 రూపాయల ఫీజు, 30 రోజులల్ల జవాబియ్యాలె. "ఫలానా ఇంటి నంబర్ బిల్డింగ్‌కు మంజూరైన ప్లాన్ల సెల్లార్ దేనికి చూపెట్టిన్రు, ఆ ప్లాన్ కాపీ ఇయ్యున్రి" అని సీదాగ అడగాలె, ఎందుకు చర్య తీస్కోలే అని అడిగితే జవాబు రాదు, ఆర్టీఐల కాయితాలు అడగాలె, కారణాలు గాదు. ఆ కాపీ, సెల్లార్ ఫోటో కలిపి సోమవారం కలెక్టరేట్ల జనం ఫిర్యాదులు తీస్కునే ప్రజావాణిల ఇయ్యున్రి, రసీదు తీస్కోకుండ బయటికి రాకున్రి.

మీ బండికే తప్పుడు చలాన్ వస్తే తెలంగాణ ఈ-చలాన్ సైట్ల బండి నంబర్ కొట్టి ఫోటో చూడున్రి, బండి మీది గాకపోతే అండ్లనే కంప్లైంట్ పెట్టొచ్చు. బండి అమ్మినంక ఆర్సీ పేరు మార్పియ్యకపోతే మాత్రం చలాన్లు మీ పేరు మీదనే వస్తయి, ఆ కష్టం మా బామ్మర్దిని అడగున్రి.

మా నాయిన నడిచిన కాడ ఒక దినం క్రేన్ వచ్చి రెండు బండ్లు లేపుకపోయింది, వారం దాక సాఫ్‌గ ఉండె. ఇప్పుడు మళ్ల నాలుగు ఉంటున్నయి. సెల్లార్ ప్లాన్ కాపీ చేతికొచ్చింది, అండ్ల "పార్కింగ్" అనే ఉన్నది, వచ్చే సోమవారం పోతున్న.