ఇంటి లైబ్రరీకి కంప్యూటర్ కేటలాగు, 4వ పాఠం: ఏ ప్రోగ్రామ్ వాడాలి (అంతకంటే ముందు, పాడైన ఆ ఫైళ్ల సంగతి)

క్యాలిబర్, జొటేరో, టెల్లికో, కోహా అనే నాలుగు ప్రోగ్రామ్‌లనూ పక్కపక్కన పెట్టి ఏది ఎవరికి పనికొస్తుందో తీరిగ్గా చెప్పాలన్నది ఈ పాఠం ఉద్దేశం. చెప్తాను, కానీ కుదించి చెప్తాను. ఎందుకంటే పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన ఫైళ్లలో చాలావాటిని చదవడమే నా వల్ల కాలేదు. బీరువాలో ఒక అర పుస్తకాలు లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో (ఎక్సెల్ లాంటిదే, ఉచితం) ఎక్కించి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి పంపమన్నాను, అంతే. "తెలుగంతా పిచ్చి గీతలయిపోయింది", "అన్నీ ప్రశ్నార్థకాలే", "ఐఎస్‌బీఎన్ నంబర్లు (పుస్తకాన్ని గుర్తించే సంఖ్యలు) మారిపోయాయి" అని మూడు రకాల గోల. మూడింటికీ కారణం దాదాపు ఒకటే, కానీ ఒకదాన్ని బాగు చేయొచ్చు, మిగతా రెండింటినీ చేయలేం. ఆ తేడా తెలియకుండా ఏ ప్రోగ్రామ్‌లోకి దూకినా అదే చెత్తను అందులోకి మోసుకెళ్తారు.

ముందు పిచ్చి గీతల సంగతి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ (à), దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఎ... ఇలా కనిపిస్తే కంగారు పడకండి, ఫైలు క్షేమంగానే ఉంది. యూటీఎఫ్-8 (ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌ను ఫైల్లో రాసే తీరు) పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరమే కానీ లోపల శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు గుర్తులుంటాయి, అంటే 12 బైట్లు. తెరిచిన ప్రోగ్రామ్‌కు ఇది యూటీఎఫ్-8 అని తెలియకపోతే ఆ 12 బైట్లనూ 12 పాశ్చాత్య అక్షరాలనుకుని చూపిస్తుంది. తెలుగు గుర్తుల్లో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, అందుకే ఆ టోపీ పెట్టుకున్న ఎ అన్నిసార్లు కనిపిస్తుంది. మీరు చేయాల్సిందల్లా సేవ్ చేయకుండా మూసేయడం. సేవ్ నొక్కారా, ఆ చెత్తే అసలు డేటా అయి కూర్చునే ప్రమాదముంది.

ప్రశ్నార్థకాలు వేరే కథ. ఎక్సెల్‌లో 'సేవ్ యాజ్'కి వెళ్తే సీఎస్‌వీ పేరుతో ఒకటి కంటే ఎక్కువ రకాలు కనిపిస్తాయి. వాటిలో యూటీఎఫ్-8 అని రాసి ఉన్నది కాకుండా మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే, తెలుగు పట్టని పాత పద్ధతిలో రాస్తుంది. పట్టని ప్రతి గుర్తు స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ ప్రశ్నార్థకం వెనక ఏమీ దాగి లేదు, అసలు అక్షరం పోయింది. "ఏదైనా కన్వర్టర్ ఉందా" అని అడిగినవాళ్లకు జవాబు: లేదు, మళ్లీ టైపు చేయాల్సిందే.

మూడోది ఐఎస్‌బీఎన్. 13 అంకెల సంఖ్యను ఎక్సెల్ తనంతట తానే కుదించి '9.78819ఈ+12' అని చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది, తర్వాత తెరిస్తే 9788190000000. ఒకరి జాబితాలో వరుసగా బోలెడు పుస్తకాలకు ఇదే నంబరు. ప్రచురణకర్త ఒకడే కాబట్టి అలా ఉందేమో అనుకున్నారట. పది అంకెల పాత ఐఎస్‌బీఎన్ సున్నాతో మొదలైతే ఆ సున్నా కూడా ఎగిరిపోతుంది. 2007కి ముందు ఐఎస్‌బీఎన్ అంటే పది అంకెలే, చివరి స్థానంలో ఎక్స్ కూడా రావచ్చు, అది అచ్చుతప్పు కాదు, దిద్దకండి. ఐఎస్‌బీఎన్ మీద మనం కూడికలు తీసివేతలు చేయం కాబట్టి అది సంఖ్య కాదు, అక్షరాల కిందే లెక్క.

ఇంతకీ క్యాల్క్‌లో సక్రమంగా సేవ్ చేసిన ఫైలు ఎక్కడ పాడైంది? "ఒకసారి చూసుకుందామని" డబుల్ క్లిక్ చేశారు, ఎక్సెల్ తెరుచుకుంది, మూసేటప్పుడు "సేవ్ చేయమంటారా" అని అడిగితే మర్యాదగా అవునన్నారు. కాబట్టి సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేయొద్దు, ఎప్పుడూ. ముందు క్యాల్క్ తెరిచి, అందులోంచి ఫైలు తెరవండి. వచ్చే డబ్బాలో క్యారెక్టర్ సెట్ యూనికోడ్ యూటీఎఫ్-8, సెపరేటర్ కామా. కింద నమూనాలో ఐఎస్‌బీఎన్ వరుస (నిలువు వరుస, అంటే కాలమ్) మీద క్లిక్ చేసి కాలమ్ టైప్ దగ్గర 'టెక్స్ట్' ఎంచుకోండి. ఎక్సెల్ తప్ప వేరేది ముట్టుకోనంటారా, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే బటన్ ఉంది, అక్కడ ఫైల్ ఒరిజిన్ 65001 పెట్టుకోండి, డేటా రకాలు నువ్వు కనిపెట్టొద్దని కూడా అక్కడే చెప్పొచ్చు. అసలు జాబితా మాత్రం ఎప్పుడూ ఓడీఎస్ (క్యాల్క్ సొంత రకం) ఫైల్లోనే ఉండాలి. సీఎస్‌వీ ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపడానికి మాత్రమే.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి పంపినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. అది తెలుగులా కనిపించే ఇంగ్లిష్ కోడ్, ఫాంటు తీసేస్తే తెలుగు మిగలదు, సీఎస్‌వీలో ఫాంటు వెళ్లదు. యూనికోడ్‌లోకి మార్చుకుని రండి, వెతుకులాట ఆ తర్వాతే.

ఇక ప్రోగ్రామ్‌లు. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ గురించి ఏమీ చెప్పను, అది మీకు వచ్చు.

నేను ఏ ప్రోగ్రామ్‌నైనా ఒకే పరీక్ష పెట్టి చూస్తాను. మూడు పుస్తకాలు ఎక్కించి, వెంటనే వాటిని బయటికి తీయడానికి ప్రయత్నిస్తాను. తెలుగు చెడకుండా, నేను కలిపిన వరుసలు కూడా వచ్చేలా సీఎస్‌వీ ఇస్తే ఉంచుతాను, లేకపోతే అదే రోజు తీసేస్తాను. అట్టబొమ్మలు అందంగా చూపిస్తుందా, ఫోన్‌లో కనిపిస్తుందా అన్నవి తర్వాతి మాటలు. ఉచితం అని చెప్పి వంద పుస్తకాల తర్వాత డబ్బులడిగేవి, జాబితా బయటికి తీయాలంటే చందా కట్టమనేవి ఉంటాయి. లోపలికి పోనిచ్చి తలుపు వేసే రకం. కింద చెప్పిన నాలుగూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే, ఆ బెడద లేదు.

కోహా: 2000లో న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టులో మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతా పెద్ద లైబ్రరీలు వాడుతున్నాయి. సభ్యులు, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోళ్లు, జరిమానాలు అన్నీ ఉంటాయి. కానీ లినక్స్ సర్వర్ నడపాలి. ఊళ్లో గ్రంథాలయం నడుపుతుంటే, సర్వర్ చూసుకునే కుర్రాడు దొరికితే తప్పకుండా పెట్టుకోండి. ఇంట్లో రెండు బీరువాలకు దండగ.

టెల్లికో: లినక్స్ వాడేవాళ్లకు. పుస్తకాలే కాదు, నాణేలు, స్టాంపులు, సినిమాలు దేనికైనా సిద్ధంగా ఉన్న నమూనా వరుసలుంటాయి. తాతగారి స్టాంపుల ఆల్బమ్ గురించి అడిగినవాళ్లకు నా సలహా ఇదే.

జొటేరో: పరిశోధన చేసేవాళ్లకు, వ్యాసం చివర ఆధారాల పట్టిక రాసుకోవాల్సినవాళ్లకు దీన్ని మించింది లేదు. ఐఎస్‌బీఎన్ కొడితే వివరాలు వాటంతటవే వస్తాయి, తెలుగు పుస్తకాలకు మాత్రం చాలాసార్లు ఖాళీ చేతులే. జాబితా సింక్ ఉచితం, పీడీఎఫ్‌ల వంటి ఫైళ్లు దాచుకోవడానికి 300 ఎంబీ వరకే. రచయిత పేరును రెండు ముక్కలుగా అడుగుతుంది, పక్కనున్న చిన్న బటన్ నొక్కి ఒకే ముక్కగా మార్చుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది.

క్యాలిబర్: నా ఓటు దీనికే. ఈ-పుస్తకాల కోసం పుట్టింది కదా అంటారు, నిజమే. కానీ పుస్తకాలు చేర్చే బటన్ పక్క బాణం నొక్కితే ఖాళీ పుస్తకం చేర్చే సదుపాయం ఉంది. ఫైలు ఉండదు, వివరాలు మాత్రమే ఉంటాయి, కాగితం పుస్తకానికి అదే కావాలి. ప్రిఫరెన్సెస్‌లో సొంత వరుసలు కలుపుకోవచ్చు. నేను రెండే కలుపుతాను. ఒకటి 'ఎక్కడుంది', అందులో ముందే నిర్ణయించిన విలువలే పడేలా పెడతాను, లేకపోతే 'హాలు బీరువా' అని ఓసారి, 'హాల్లో బీరువా' అని ఓసారి రాసి మనమే తికమకపడతాం. రెండోది 'ఎవరి దగ్గర'. (ఈ రెండో వరుస వల్ల కొన్ని స్నేహాలు దెబ్బతింటాయి, పుస్తకాలు మాత్రం తిరిగొస్తాయి.) వరుస శీర్షిక తెలుగులో పెట్టుకోవచ్చు కానీ లోపలి పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఇక మౌస్ వదిలేసి ఎఫ్2 అలవాటు చేసుకోండి, గడి మీద ఉండి ఎఫ్2 కొడితే అక్కడే దిద్దుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: క్యాలిబర్ తయారు చేసుకున్న ఫోల్డర్లలోకి వెళ్లి పేర్లు మార్చకండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. క్యాలిబర్ పాశ్చాత్యుల పేర్లను మనసులో పెట్టుకుని తయారైంది. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకుని, వరుసలో పెట్టేటప్పుడు దాన్ని ముందుకు లాగి కామా పెడుతుంది. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది కదా. దాంతో గురజాడ అప్పారావు 'అప్పారావు, గురజాడ' అయి అ-లోకి పోతాడు. విశ్వనాథ సత్యనారాయణ, యద్దనపూడి సులోచనారాణి ఇద్దరూ స-లో కలుస్తారు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి (ఆరుద్ర అసలు పేరు) అని విడదీసి రాశారా, 'శాస్త్రి, భాగవతుల సదాశివ శంకర'. అలా విడదీసి రాసిన శాస్త్రులందరూ ఒకచోట, రావులందరూ ఒకచోట కుల సంఘంలా కూర్చుంటారు. తిరుపతి వెంకట కవులు 'కవులు, తిరుపతి వెంకట' అవుతారు. ఇంకేం చెప్పను! రంగనాయకమ్మ లాంటివాళ్లే క్షేమం, పేరు ఒకే మాట కాబట్టి.

దీనికి మందు ఉంది, ఎవరూ వాడరు. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్ (లోతైన సెట్టింగులు) తెరిచి, ఆథర్ సార్ట్ నేమ్ అల్గారిదమ్ వెతికి, అక్కడ 'కామా' అని ఉన్న చోట 'కాపీ' అని ఇంగ్లిష్‌లో రాయండి. అంటే మీరు ఎలా రాస్తే అలాగే వరుసలో పెడుతుంది. క్యాలిబర్ మూసి తెరవండి. అప్పటికే ఎక్కించిన పేర్లు మాత్రం వాటంతటవి మారవు. ఎడమ పక్క జాబితాలో ఏదైనా రచయిత పేరు మీద కుడి క్లిక్ చేసి, రచయితలను నిర్వహించే డబ్బాలోకి వెళ్లి, అన్ని సార్ట్ విలువలనూ మళ్లీ లెక్కించే బటన్ నొక్కాలి. ఇది మరిచిపోయి "ట్వీక్ పనిచేయలేదు" అని రాయకండి. ఇంగ్లిష్ రచయితలు కొద్దిమందే ఉంటే వాళ్ల సార్ట్ విలువలు అదే డబ్బాలో చేత్తో దిద్దుకోండి.

ప్రోగ్రామ్ మార్చినంత మాత్రాన సరిపోదు, రాసే పద్ధతీ మారాలి. రావు, శాస్త్రి, మూర్తి ముందు మాటకు కలిపే రాయండి: కుటుంబరావు, విశ్వనాథశాస్త్రి. కలం పేరున్నవాళ్లను కలం పేరు కిందే పెట్టండి. శ్రీశ్రీ, ఆరుద్ర, చలం, బుచ్చిబాబు. ఆరుద్ర పుస్తకం కోసం 'భాగవతుల' అని వెతికే మనిషిని నేనింతవరకు చూడలేదు. అసలు పేరు కావాలంటే దానికో వరుస కలుపుకోండి. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లు దీనితో గొడవ పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. పింగళి–కాటూరి లాంటి జంట అయితే ఇద్దరి పూర్తి పేర్లూ రాసి మధ్యలో & పెట్టండి, కామా కాదు. తిరుపతి వెంకట కవులు మాత్రం అట్ట మీద ఒక్క పేరుగానే ఉంటారు కాబట్టి అలాగే ఉంచండి. ఒకే మనిషి మూడు రూపాల్లో ఇప్పటికే ఎక్కేసి ఉంటే, అదే నిర్వహణ డబ్బాలో ఒక పేరును రెండోదానిలా మార్చండి, రెండూ కలిసిపోతాయి.

కంటికి కనిపించని ఇంకో తంటా: 'శ్రీనివాస్‌రావు' అని రాయడానికి కొన్ని కీబోర్డులు స్, రా మధ్య కనిపించని గుర్తొకటి పెడతాయి. పొల్లు అలాగే నిలబడాలంటే అది ఉండాల్సిందే. కానీ ఒకసారి దానితో, ఒకసారి ఖాళీ పెట్టి రాస్తే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఉన్న పేరును కాపీ చేసి అతికించండి, కొత్తగా టైపు చేయకండి.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే. పోయినసారి అరలోంచి నలభై పుస్తకాలు తీసుకోండి, అందులో పది ఐఎస్‌బీఎన్ లేనివి ఉండాలి, కనీసం ఇద్దరు కలం పేరు రచయితలు, ఒక జంట రచయితలు ఉండాలి. సీఎస్‌వీ నుంచి క్యాలిబర్‌లోకి తేవడానికి 'ఇంపోర్ట్ లిస్ట్' అనే ప్లగిన్ వేసుకోండి. సొంత వరుసలు రెండూ నింపండి. తర్వాత కేటలాగు తయారుచేసే ఆప్షన్‌తో అంతా సీఎస్‌వీగా బయటికి తీయండి. ఇప్పుడు కొత్త ఖాళీ లైబ్రరీ ఒకటి సృష్టించి, అందులోనూ అవే రెండు వరుసలు పెట్టి, పాతది ముట్టుకోకుండా ఆ సీఎస్‌వీ ఒక్కదానితోనే నలభై పుస్తకాలూ మళ్లీ నిలబెట్టండి. రెండు లైబ్రరీలనూ రచయితల క్రమంలో పక్కపక్కన చూసి, తేడా వచ్చిన పేర్లు మాత్రమే నాకు పంపండి. ఫైలు జిప్ చేసి పంపండి, లేకపోతే దారిలో ఎవరో ఒకరు దానిమీద డబుల్ క్లిక్ చేస్తారు.