ఇంగ్లండ్, వేల్స్‌లలో పొలం గట్టు మీది పొదల కంచె తొలగింపునకు దరఖాస్తు విధానం

ఇంగ్లండ్, వేల్స్‌లలో పొలాల గట్ల వెంట హాథార్న్, బ్లాక్‌థార్న్, హేజెల్ వంటి పొదలను వరుసగా పెంచిన కంచెను హెడ్జ్‌రో అంటారు. భూమి సొంతదైనంత మాత్రాన ఈ కంచెను పెరికివేసే హక్కు యజమానికి దఖలు పడదు. 1997 జూన్ 1 నుంచి అమలులో ఉన్న హెడ్జ్‌రోస్ రెగ్యులేషన్స్ ప్రకారం, స్థానిక ప్లానింగ్ అధికార సంస్థకు ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

సాగుభూమిలోనో, గుర్రాలను పెంచే భూమిలోనో, ఉమ్మడి భూమిలోనో, లేదా వాటిని ఆనుకునో పెరిగిన కంచె 20 మీటర్లు గానీ అంతకు మించి గానీ పొడవుంటే ఈ నిబంధనల కిందికి వస్తుంది. అంతకన్నా పొట్టిదైనా, రెండు చివరలా వేరే కంచెలను కలుస్తుంటే వర్తిస్తుంది. ఇంటి ఆవరణలోని కంచెకు, ఆ ఆవరణకు సరిహద్దుగా ఉన్న కంచెకు మాత్రం వర్తించదు. మామూలుగా కత్తిరించి సరిచేసుకోవడానికి నోటీసు అక్కర లేదు.

నోటీసును భూయజమాని గానీ వ్యవసాయ కౌలుదారు గానీ ఇవ్వవచ్చు. దీనికి రుసుము లేదు. తొలగించదలచిన భాగాన్ని గుర్తించిన పటం, తొలగింపునకు కారణం, కంచె వయసు 30 ఏళ్ల లోపైతే నాటిన కాలానికి ఆధారం జతచేయాలి. వీటన్నిటిలోనూ పటం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా, ఎందుకంటే అనుమతి వచ్చేది పటంలో చూపిన భాగానికే; గీత ఎక్కడ ఆగితే హక్కు కూడా అక్కడే ఆగుతుంది.

నోటీసు అందాక అధికారులకు 42 రోజుల గడువు ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఈలోగా వారు ఆ పారిష్ (గ్రామస్థాయి పాలనా విభాగం) కౌన్సిల్ ఉంటే దాని అభిప్రాయం తీసుకోవాలి. గడువులోగా అభ్యంతరం రాకపోతే, నోటీసులో చెప్పిన మేరకు, రెండేళ్లలోపు తొలగించుకోవచ్చు.

కంచె వయసు 30 ఏళ్లు దాటి, నిర్దేశించిన ప్రమాణాలలో ఒక్కటైనా నెరవేరితే అది 'ముఖ్యమైన' కంచె అవుతుంది. 1850కి ముందునాటి పారిష్ సరిహద్దును సూచించడం అలాంటి ప్రమాణాలలో ఒకటి. మరొకటి, 30 మీటర్ల పొడవులో సగటున కనీసం ఏడు జాతుల చెట్లూ పొదలూ ఉండటం. కొన్ని ఉత్తర జిల్లాలలో ఒకటి తక్కువైనా సరిపోతుంది. కంచె 30 మీటర్లు దాటి 100 మీటర్లకు మించకపోతే సరిగ్గా మధ్యలోని 30 మీటర్లను టేపుతో కొలిచి, అందులోని జాతులను లెక్కిస్తారు. 100 దాటి 200 మీటర్ల వరకు ఉంటే ఒక్కో సగంలో మధ్య భాగాన్ని లెక్కించి సగటు తీస్తారు. నోటీసు పంపేముందు మీరే ఒకసారి ఇలా లెక్కించి చూసుకోవడం మంచిది. పాత కంచె వేళ్లతో సహా పోయాక, మొక్కలు మళ్లీ నాటగలమేమో గానీ, ఆ వయసును తిరిగి తేలేం.

ముఖ్యమైన కంచె అని తేలితే, తొలగింపును సమర్థించే పరిస్థితులు లేనంత వరకు అధికారులు దానిని నిలిపి ఉంచాలని నోటీసు జారీ చేస్తారు. దానిపై 28 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా తొలగించడం నేరం: జరిమానాతో పాటు కొత్త కంచె నాటమని ఆదేశించవచ్చు, అలా నాటిన కంచెను 30 ఏళ్లపాటు ముఖ్యమైనదిగానే పరిగణిస్తారు.

పనికి తేదీ నిర్ణయించేముందు కొమ్మల మధ్య వెతకండి. పక్షి కడుతున్న గూటినీ, వాడుకలో ఉన్న గూటినీ ఉద్దేశపూర్వకంగా పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద విడిగా నేరం. కంచె తొలగింపునకు అనుమతి ఉన్నా ఆ చట్టం నుంచి మినహాయింపు రాదు.