గబ్బిలాల వంశవృక్షం – 3వ పాఠం: పోలిక వేరు, చుట్టరికం వేరు

కిందటి పాఠంలో గబ్బిలాన్ని దూరం నుంచి చూసి చెవి, ముక్కు, తోక, రెక్కవేళ్లు గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నాం. అది ఆనవాలు పట్టే విద్య. ఆ ఆనవాళ్లలో ఏది చుట్టరికానికి సాక్ష్యంగా నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఈ పాఠం. తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు మరిచిపోవద్దు, గీసిన చెట్టును ఒకసారి చెరిపేయాల్సి వస్తుంది.

మన ఆరు గబ్బిలాలను మళ్లీ వరసగా రాసుకుందాం. ఈ పేర్లు పాఠాల సౌకర్యం కోసం మనం పెట్టుకున్నవే. చెరువు కట్ట మీది చింతల్లోనో, రావి కొమ్మల్లోనో పగలంతా గుంపుగా వేలాడుతూ గోల చేసేది పెద్దపండు గబ్బిలం, శాస్త్రీయ నామం టెరోపస్ మీడియస్. జామతోటలకు రాత్రిపూట వచ్చేది, తాటాకుల చాటున పగలు గడిపేది పొట్టిముక్కు గబ్బిలం (సైనోప్టెరస్). ఉదయగిరి కోటలో ఉన్నలాంటి చీకటి మండపాలు, సైదాపురం వైపు పాడుబడ్డ అభ్రకం గనుల్లాంటి చోట్లు ఇష్టపడేవి రెండు: ముక్కు మీద ఆకులాంటి మడతలున్న ఆకుముక్కు (హిప్పోసిడెరోస్), కప్పలను, ఎలుకలను కూడా పట్టి తినే పెద్దచెవి (లైరోడెర్మా). వీధిదీపం చుట్టూ పురుగుల కోసం గిరికీలు కొట్టేది చిట్టి గబ్బిలం (పిపిస్ట్రెల్లస్). చివరిది తొడుగుతోక (టఫోజస్). దీని తోక కొన కాళ్ల మధ్య పొరను చీల్చుకుని పైకి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మీరే రెండు గుంపులు చేయండి. ఎవరు చేసినా మొదట ఒకటే చేస్తారు. పెద్ద కళ్లతో చూసి, వాసన పట్టి పండ్లు తినే రెండింటినీ ఒక పక్కన పెడతారు. అతిధ్వనులు (మన చెవికి వినిపించని శబ్దాలు) వదిలి, వాటి ప్రతిధ్వనితో చీకట్లో వేటాడే నాలుగింటినీ మరో పక్కన పెడతారు. చెట్టు బొమ్మకు బదులు కుండలీకరణాలతో రాస్తే ఇలా ఉంటుంది:

((పెద్దపండు, పొట్టిముక్కు), (ఆకుముక్కు, పెద్దచెవి, చిట్టి, తొడుగుతోక))

ఒకే కుండలీకరణంలో ఉన్నవాటికి, బయట ఉన్నవాటి కన్నా దగ్గరి ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడని అర్థం. ఈ రాత పద్ధతిని ఇప్పుడే వంటబట్టించుకోండి, ఇక మీదట అన్నీ దీంట్లోనే. 1875లో జంతుశాస్త్రవేత్త డాబ్సన్ చేసిన విభజన కూడా ఇదే. పండు గబ్బిలాలు మెగాకైరాప్టెరా, మిగిలినవన్నీ మైక్రోకైరాప్టెరా. నూరేళ్లకు పైగా పుస్తకాలు ఈ మాటే చెప్పాయి. నాకు ఇందులో తప్పుపట్టాలని లేదు. కంటికి కనిపించేదాన్ని బట్టి ఇంతకన్నా బాగా చేయడం కష్టం.

అయితే ఒక గోరు దగ్గర ఆగి చూద్దాం. పెద్దపండు గబ్బిలం రెక్కను బైనాక్యులర్‌లో చూస్తే బొటనవేలి గోరు కొక్కెంలా కనిపిస్తుంది. అది గబ్బిలాలలో దాదాపు అన్నింటికీ ఉంది. రెక్క ముందంచు వెంట ఇంకొంచెం పైకి చూడండి, చూపుడువేలి కొనన మరో చిన్న గోరు. పొట్టిముక్కుకూ అది ఉంది, మిగిలిన నాలుగింటికీ లేదు. ఆనవాలు పట్టడానికి దీన్ని మించినది లేదు. మరి పండు గబ్బిలాలు రెండూ దగ్గరి చుట్టాలనడానికి ఇది రుజువు అవుతుందా?

కాదు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో దొరికి 2008లో వర్ణించిన ఓనికోనిక్టెరిస్ అనే శిలాజ గబ్బిలం వయసు సుమారు 5.2 కోట్ల సంవత్సరాలు. దానికి అయిదు వేళ్లకూ గోళ్లున్నాయి. అంటే రెక్కవేళ్ల గోళ్లు పూర్వీకుల నాటి ఆస్తి. పండు గబ్బిలాలు అందులో కొంత అట్టిపెట్టుకున్నాయి, తక్కినవి వదులుకున్నాయి. ముత్తాత నాటి పొలం ఇద్దరి చేతిలో ఇంకా మిగిలి ఉన్నంత మాత్రాన వాళ్లు అన్నదమ్ములు కారు, అమ్ముకున్న మూడోవాడే ఒకరికి సొంత తమ్ముడు కావచ్చు. చుట్టరికానికి పనికొచ్చేది ఆ కొమ్మలో కొత్తగా పుట్టి పంచుకున్న లక్షణమే. ఈ ఒక్క వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ రెండు పండు గబ్బిలాలు చుట్టాలే, కానీ ఆ సంగతి వేరే సాక్ష్యాల వల్ల తేలింది, గోరు వల్ల కాదు.

ఇక డీఎన్ఏ. 2000 ప్రాంతంలో ఎమ్మా టీలింగ్ తదితరులు జన్యువుల వరుసలు పోల్చి చూస్తే డాబ్సన్ గీసిన గీత నిలవలేదు. 2005లో అన్ని కుటుంబాల నుంచీ గబ్బిలాలను తీసుకుని 17 కేంద్రక జన్యువులతో (కణ కేంద్రకంలో ఉండే జన్యువులు) చేసిన పరిశీలనలోనూ అదే తేలింది. మన ఆరింటికీ దాన్ని అన్వయిస్తే చెట్టు ఇలా మారుతుంది. పాతది చెరిపేయండి.

(((పెద్దపండు, పొట్టిముక్కు), (ఆకుముక్కు, పెద్దచెవి)), (చిట్టి, తొడుగుతోక))

ఎడమ వైపు పెద్ద కొమ్మ పేరు యిన్‌టెరోకైరాప్టెరా, కుడి వైపుది యాంగోకైరాప్టెరా. మండపంలో వేలాడే ఆకుముక్కుకు, దానిలాగే అతిధ్వనులతో పురుగులు పట్టే చిట్టి గబ్బిలం దూరపు చుట్టం. చింతచెట్టు మీద గోల చేసే పెద్దపండు గబ్బిలమే దగ్గరిది. నమ్మబుద్ధి కాకపోతే ఫరవాలేదు, చాలామంది శాస్త్రవేత్తలు కూడా మొదట ఒప్పుకోలేదు.

జన్యువు పేరు వినగానే చేతులు కట్టుకుని నిలబడటం కూడా మంచిది కాదు. వినికిడికి సంబంధించిన ప్రెస్టిన్ అనే జన్యువు ఉంది. దాని ప్రోటీన్ ఒక్కదాన్నే తీసుకుని చెట్టు గీస్తే, అతిధ్వనులు వాడే గబ్బిలాలన్నీ మళ్లీ ఒకచోట చేరతాయని 2008లో చూపించారు. ఒకే పని చేయాల్సి వచ్చినప్పుడు ఆ ప్రోటీన్ వేర్వేరు కొమ్మల్లో ఒకేలా మారింది. తరవాత డాల్ఫిన్లలోనూ ఇదే ధోరణి బయటపడింది. డాల్ఫిన్ గబ్బిలానికి అన్నదమ్ముల బిడ్డ అని ఎవరూ అనరు కదా! అందుకే ఒక్క జన్యువు సాక్ష్యం మీద తీర్పు ఇవ్వరు.

ఇప్పుడు అసలు కసరత్తు, మార్పులు లెక్కపెట్టడం. కొత్త చెట్టు మీద ఆకుముక్కు, పెద్దచెవి, చిట్టి, తొడుగుతోక పక్కన 'ధ్వని' అని రాయండి. మొదటి కథ: అందరి పూర్వీకుడికీ ఆ విద్య ఉంది, పండు గబ్బిలాలు పోగొట్టుకున్నాయి. ఒకటి రావడం, ఒకటి పోవడం, మొత్తం 2 మార్పులు. రెండో కథ: పూర్వీకుడికి లేదు, ఆకుముక్కు-పెద్దచెవి కొమ్మలో ఒకసారి, యాంగో కొమ్మలో ఒకసారి విడివిడిగా వచ్చింది. ఇదీ 2 మార్పులే. లెక్క సరిసమానం! తక్కువ మార్పులున్న కథనే ఎంచుకోవాలన్న సూత్రం ఇక్కడ మనకు సాయం చేయదు. 2017లో పిండదశలో చెవి ఎదుగుదలను చూసినవారు మొదటి కథ వైపు మొగ్గారు. 2022లో లోపలి చెవి నరాల అమరికను పరిశీలించినవారు రెండు కొమ్మల్లో అది వేర్వేరుగా ఉందని చూపి రెండో కథకు బలం ఇచ్చారు. రూసెట్టస్ అనే పండు గబ్బిలం నాలుకతో టకటకలాడించి ప్రతిధ్వని వింటుంది. మన నాలుగింటిలా గొంతుతో చేసే పని కాదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపకండి.

దారిలో ఒక మాట. గబ్బిలం రెక్కలొచ్చిన ఎలుక అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. క్షీరదాల పెద్ద చెట్టులో గబ్బిలాలు ఆవు, గుర్రం, కుక్క ఉన్న కొమ్మకు చెందుతాయి. ఎలుక మనమున్న కొమ్మలో ఉంది. కనుక ఎలుకకు గబ్బిలం కన్నా మనిషే దగ్గరి చుట్టం. 1758లో లినేయస్ గబ్బిలాలను కోతులు, మనుషులతో కలిపి ఒకే క్రమంలో పెట్టాడు. 1986లో పెటిగ్రూ అనే నాడీశాస్త్రవేత్త కంటి నరాల అమరిక చూసి పండు గబ్బిలాలనైనా అక్కడికే చేర్చాలన్నాడు. డీఎన్ఏ ఆ వాదాన్నీ నిలబెట్టలేదు.

అభ్యాసాలు రెండు.

పెద్దపండు గబ్బిలానికి తోక లేదు, పెద్దచెవికీ బయటికి కనిపించే తోక లేదు, తక్కిన నాలుగింటికీ ఉంది. పూర్వీకుడికి తోక ఉందనుకుని కొత్త చెట్టు మీద ఎన్ని మార్పులో లెక్కపెట్టండి. తర్వాత తోక లేని రెండింటినీ ఒక జంటగా చేసి మళ్లీ లెక్కపెట్టండి. రెండో లెక్క తక్కువ వస్తుంది. అయినా ఆ చెట్టును ఎందుకు తోసిపుచ్చుతాం? రెండు వాక్యాల్లో రాయండి.

రెండోది ఏడో గబ్బిలాన్ని చేర్చడం. ఎలుకతోక గబ్బిలానికి (రైనోపోమా) ఆకుముక్కుతో కన్నా పెద్దచెవితో దగ్గరి పూర్వీకుడున్నాడు. దాన్ని మన వరుసలో సరైన చోట పెట్టండి. ఇప్పుడున్న రాతలో తెరిచినవి 5, మూసినవి 5 కుండలీకరణాలు. మీది 6, 6 రావాలి. జవాబు 4వ పాఠం మొదట్లో ఇస్తాను.

ఈ వారం చెట్లు చూడటానికి వెళ్లేవాళ్లు గబ్బిలాలను ముట్టుకోవద్దు, గుంపు కింద నిలబడవద్దు, అవి కొరికి పడేసిన పండ్లు తినవద్దు. పెద్దపండు గబ్బిలాలలో నిపా వైరస్ ఉండవచ్చు.